నది పేజీ గైర్హాజరు

గేదె మేడెక్కిన వరద అని ఏటిపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరదకి గుమ్మళ్ళ లంక నుంచి కొట్టుకొచ్చిన చూడి గేదె ఒకటి లాకుల వీధిలోని సర్కారు మేడ మెట్లెక్కింది. పై అంతస్తు వరండాలో ఈనింది. నీళ్ళు తీసిపోయినా మూడు రోజులు దిగనని మొరాయించింది. గేదెకి మెట్లెక్కడం వచ్చు, దిగడం రాదు. ఆ వరద వెళ్ళిన రెండో ఏడు జరిగిందిది.

ఆ మేడ పేరు ఉమ్మడి సమాచార కార్యాలయం. కింద గదిలో ఏసీ పెట్టి, అందులో ఒక సర్వరుని కూర్చోబెట్టారు. నాలుగు వెబ్‌సైట్లకి ఆ ఒక్క యంత్రంలోనే కాపురం. పింఛన్ల పేజీ, ధాన్యం టోకెన్ల పేజీ, జనన మరణాల పేజీ, నది పేజీ. నది పేజీ గేదె మేడెక్కిన వరద తర్వాత పుట్టింది. గోదావరి ఎన్ని అడుగులుందో గంటగంటకీ అందులో కనపడుతుంది. లంకల వాళ్ళు ఫోనులో ఆ అంకె చూసుకుని పశువుల్ని ఏరు దాటిస్తారు.

అంతకుముందు ఆ పని ఒక గుడ్డ చేసేది. లాకుల దగ్గర స్తంభానికి పసుపు గుడ్డ ఎత్తితే సామాను సర్దుకోమని, ఎర్ర గుడ్డ ఎత్తితే ఉన్నపళంగా ఏరు దాటమని. నది పేజీ వచ్చాక గుడ్డల్ని రికార్డుల్లోంచి కొట్టేశారు. స్తంభాన్ని, తాడుని కొట్టేయడం మరిచిపోయారు.

బొంతు పోలయ్య ఆ మేడకి వాచ్‌మన్. మూడో తరగతి చదివాడు. మాట్లాడితే ఎవరో తన నోట్లోంచి లాక్కుంటున్నట్టుగా మాట్లాడేవాడు. గంటకోసారి రేవుకి వెళ్ళి, లాకుల గోడ మీద అంకెలు రాసిన స్కేలు చూసి, తిరిగొచ్చి ఆ అంకె ఒక్కటీ చెప్పేవాడు. "ఆరు" అంటే ఆరు అడుగులు. సర్వరు చూసుకునే కమలకుమారి దాన్ని పేజీలో పెట్టేది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. సంతకానికి తప్ప అన్నిటికీ ఆమే దిక్కు.

పోలయ్య అక్క వీరాయమ్మది గుమ్మళ్ళ లంక. పదకొండు గేదెలున్నాయి. మేడెక్కి ఈనిన సింగారి ఆమెదే. గంటకోసారి తమ్ముడు చూసిన అంకెనే ఆమె ఫోనులో చూసుకునేది. అక్కాతమ్ముళ్ళ మధ్య రోజూ జరిగే సంభాషణ అంతే. ఇద్దరికీ అది చాలు.

ఆ ఏడు వేసవిలో పై నుంచి 'ఎదురెదురు పాలన' వచ్చింది. అధికారులు ఇకమీదట వీడియోలోనే సమావేశం కావాలి. అదీ పరాయి యంత్రంలో కాదు, సొంత యంత్రంలో. ఉప సంచాలకులు చక్రపాణి గారు ఆ ఉత్తరువు చదివి పులకించిపోయారు. ఎర్ర గుడ్డ మీద తెల్లక్షరాలతో 'ఎదురెదురు పాలన' అని బ్యానరు రాయించి మేడ మీది హాల్లో కట్టించారు. కమలకుమారిని పిలిచారు.

"మన సమావేశము మన సర్వరులోనే జరగవలెను. వెబ్‌సైట్లున్న యంత్రములోనే సభా సాఫ్ట్‌వేరును కూడా స్థాపించుము. ఉన్న వనరును ఉమ్మడిగా వాడుట ఉత్తమ పరిపాలనా లక్షణము."

"సార్, రెండూ ఒకే చోట అంటే ముందు కాస్త ఏర్పాటు చేసుకోవాలండి. రెండు రోజులు టైమిస్తే..."

"ప్రారంభోత్సవము నేడు పదకొండు గంటలకు."

పదకొండింటికి సమావేశం మొదలైంది. పదకొండూ ఒకటికి నాలుగు వెబ్‌సైట్లూ మాయమయ్యాయి. పదకొండున్నరకి గేటు దగ్గర జనం మూగారు. ధాన్యం టోకెను రావట్లేదని ఒకరు, చనిపోయిన మామ కాగితం రావట్లేదని ఒకరు. పోలయ్య లోపలికొచ్చి కమలకుమారి ముందు నిలబడ్డాడు. నిలబడ్డాడంటే అడిగినట్టే.

"గుమ్మం ఒకటే బాబాయ్" అంది కమలకుమారి. "సర్వరుకి బయటి జనం వచ్చే గుమ్మాలకి నంబర్లుంటాయి. అందరూ వచ్చే గుమ్మం నాలుగు వందల నలభై మూడు. ఇన్నాళ్ళూ వెబ్‌సైట్లు నాలుగూ సర్దుకుని అక్కడి నుంచే జనాన్ని పిలుచుకునేవి. ఇప్పుడు మీటింగు వచ్చి ఆ గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని పడుకుంది."

"లేవదా?"

"మీటింగు అయ్యాక లేస్తుంది."

పోలయ్య గేటు వైపు చూశాడు. "గుమ్మంలో ఓ మనిషుంటే? ఎవరికోసం వచ్చారని అడిగి... మీటింగుకైతే ఇటు, పేజీకైతే అటు."

కమలకుమారి అతనికేసి చూసింది. "సరిగ్గా అలాంటి కావలి ప్రోగ్రామే ఒకటుంది బాబాయ్. నువ్వు గేటు దగ్గర చేసే ఉద్యోగమే దానిదీ. మంచం తీసి పక్క గదిలో వేయించి, తను గుమ్మంలో నిలబడుతుంది. అంతా రాసి పెట్టుకున్నాను. ఒక్క పది నిమిషాలు మీటింగు ఆపితే చాలు."

"ఆపేయమ్మా."

"ఆపాలంటే అనుమతి కావాలి. అనుమతి మీటింగులో ఇస్తారు."

ఆమె అడిగింది కూడా. చక్రపాణి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సమావేశము నడుచుచుండగా దానిని ఆపుటకు సమావేశము యొక్క ఆమోదము అవసరము. సమావేశము ముగిసిన పిదప, ఆమోదించుటకు సమావేశము ఉండదు. ఇందులో నీకు అర్థము కానిది ఏమున్నది?"

మొదట్లో సమావేశం వారానికో గంట. వెబ్‌సైట్లు రావట్లేదని జనం ఫిర్యాదు చేశారు. ఫిర్యాదుల్ని సమీక్షించడానికి ఇంకో సమావేశం పెట్టారు. అది జరుగుతున్నంత సేపూ వెబ్‌సైట్లు రాలేదు. అందుకని ఫిర్యాదులు పెరిగాయి. సమావేశం రెండు గంటలైంది, నాలుగైంది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా అయింది. సమావేశం ముగిసిందంటే చక్రపాణి గారు సర్వరు గది తాళం జేబులో వేసుకుని వెళ్ళిపోయేవారు. అందుకని మధ్యలోనే పది నిమిషాలు ఖాళీ దొరుకుతుందేమోనని కమలకుమారి వేలు మీట మీద పెట్టుకుని కూర్చునేది. భోజనానికి కూడా ఎవరూ ఆపేవారు కాదు. కెమెరా ముందే పెరుగన్నం తినేవారు.

రాజధాని నుంచి ప్రధాన సమన్వయాధికారి కూడా రోజూ తెరమీదికి వచ్చేవారు. కెమెరా ఎటు తిప్పుకోవాలో ఆయనకి తెలియదు. ఆయన నుదురు మాత్రమే కనపడేది. ఆఫీసులో అందరూ ఆయన్ని నుదురు గారు అనేవారు.

"సమావేశ సమయములో వెబ్‌సైట్లు పదే పదే గైర్హాజరగుచున్నవి" అన్నారు నుదురు గారు ఒకనాడు. "ఇది క్రమశిక్షణా రాహిత్యము. వాటిని సంజాయిషీ కోరవలెను."

చక్రపాణి గారు అదే రోజు నాలుగు వెబ్‌సైట్లకీ నాలుగు మెమోలు తయారు చేయించారు. ఏడు రోజుల్లో జవాబివ్వాలి. మైదాపిండి జిగురు కాచి పోలయ్యే వాటిని సర్వరు పెట్టెకి అంటించాడు. ఏడు రోజులు గడిచాయి. వెబ్‌సైట్లు నోరెత్తలేదు.

ఎనిమిదో రోజు సమావేశంలో చక్రపాణి గారికి అద్భుతమైన ఆలోచన వచ్చింది. "అయ్యా, లోతుగా పరిశీలించగా, వెబ్‌సైట్లు సమావేశమునకు రాకపోవుటకు కారణము వాటికి సమావేశములో స్థానము లేకపోవుటయే అని తేలుచున్నది. ఒక్కొక్క పేజీకి ఒక్కొక్క మనిషిని ప్రతినిధిగా నియమించి కెమెరా ముందు కూర్చుండబెట్టినచో, ప్రజలు సమావేశములో చేరి, చేయెత్తి, తమకు కావలసిన పేజీని అక్కడనే చూడగలరు."

నుదురు గారి నుదుటి మీద ముడతలు విప్పారాయి. "బహు బాగు."

మూడు పేజీలకి ముగ్గురు గుమాస్తాలు దొరికారు. నది పేజీకి పోలయ్యని వేశారు. మెళ్ళో పలక కట్టి, దాని మీద సుద్దతో 'ఐదు అడుగులు' అని రాసి, మేడ మీద కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. పేజీ ఎలా నడుచుకోవాలో చక్రపాణి గారు స్వయంగా శిక్షణ ఇచ్చారు. పేజీ తుమ్మకూడదు. పేజీకి ఫోనుండకూడదు. ఎవరైనా రిఫ్రెష్ అంటే ఒకసారి కళ్ళు మూసి తెరవాలి. పింఛన్ల పేజీ అయిన గుమాస్తా జాబితాని మొహానికి అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా పైకెత్తాలి, అది స్క్రోలు. ఓ రోజు ఒక ముసలమ్మ వరసలో నాలుగు గంటలుండి, "మా ఆయన పేరుందేమో చూడు బాబూ" అంది. గుమాస్తా జాబితా ఎత్తుతూ ఎత్తుతూ సగంలో చెయ్యి నొప్పెట్టి దించేశాడు. మళ్ళీ మొదటి నుంచి ఎత్తాల్సొచ్చింది.

పోలయ్య పేజీగా బాగా రాణించాడు. మాట్లాడే పని లేదు. మొహంలో ఏ మార్పూ లేదు. "నది పేజీ ఎంత నిలకడగా ఉన్నదో గమనించండి" అని నుదురు గారు మిగతా పేజీలకి బుద్ధి చెప్పారు.

పోలయ్యకి ఒక్కటే పీకుతూ ఉండేది. రెండో రోజే వెళ్ళి చక్రపాణి గారి ముందు నిలబడ్డాడు.

"ఏమి?"

"ఆయ్, నేనిక్కడ కూచుంటే... నీళ్ళెవరు చూత్తారండి?"

"నీళ్ళా?"

"రేవులోవండి. గోదారి."

"పేజీకి నది దగ్గర పనేమిటయ్యా? కూర్చో."

అయినా మూడో రోజు మధ్యాహ్నం పోలయ్య ఆపుకోలేక రేవుకి పోయొచ్చి పలక మీద ఐదు చెరిపి ఏడు వేశాడు. పెద్ద గొడవైంది. ఆమోదం లేకుండా అంకె మారింది. చివరికి నుదురు గారే మార్గం చెప్పారు. కొత్త అంకెని ప్రతిపాదనగా పెట్టాలి, మర్నాడు సమావేశం ఆమోదించాలి, ఆ తర్వాత పలక మీద రాయాలి. అప్పట్నుంచి నిన్నటి గోదావరిని ఇవాళ ఆమోదించేవారు.

శ్రావణమాసంలో ఎగువన నాలుగు రోజులు వాన దంచింది. వెంటనే 'వరద సన్నద్ధతపై సుదీర్ఘ సమీక్ష' ఏర్పాటు చేశారు. రెండు వందల కార్యాలయాలు. తహసీల్దార్లు, పశువుల డాక్టర్లు, లాకుల సూపర్వైజర్లు, చివరికి రేవుల్లో పడవలు నడిపేవాళ్ళని కూడా దగ్గర్లోని ఆఫీసులకి రప్పించి కెమెరాల ముందు కూర్చోబెట్టారు. పొద్దున తొమ్మిదికి మొదలైంది. మొదటి అంశం స్వాగతం. పంతొమ్మిదో అంశం నీటిమట్టం.

పోలయ్య పలక మీద ఆమోదం పొందిన తొమ్మిది ఉంది. హాలు కిటికీలోంచి లాకుల గోడ కనపడుతుంది. పోలయ్య కళ్ళు ముసలివైనా స్కేలు మీది అంకె చూడక్కర్లేదు, గోడ చూస్తే చాలు. పదమూడో అంకె కింద ఉండే తుప్పు మరక మునిగిపోయింది. పదమూడు దాటితే లంక దారి మునుగుతుంది. పదిహేనైతే పశువుల పాకల్లోకి నీళ్ళొస్తాయి.

తెర మీద, మూలన, చిన్న గడిలో వీరాయమ్మ మొహం కనపడుతోంది. చేయెత్తిన గుర్తు, పక్కన ఆమె వరస నంబరు, రెండు వందల ఎనిమిది. నది పేజీని అడగడానికొచ్చింది. ఆమె గొంతు మ్యూటులో కట్టేసి ఉంది. పోలయ్య గొంతూ కట్టేసే ఉంది.

పోలయ్య చేయెత్తాడు.

"నది పేజీ దయచేసి నిరీక్షించవలెను" అన్నారు చక్రపాణి గారు. "మనమింకా మూడవ అంశములో ఉన్నాము. కొవ్వొత్తుల కొనుగోలు విధానము."

పోలయ్య లేచి మెట్లు దిగి కమలకుమారి దగ్గరికి వెళ్ళాడు. "పదమూడు" అన్నాడు.

ఆమె ఫోను ఎత్తి చూపించింది. "తహసీల్దారు ఆఫీసుకి చేశాను బాబాయ్, మీటింగులో ఉన్నారన్నారు. పడవల వాళ్ళకి చేశాను, వాళ్ళూ మీటింగులోనే. పేజీలో పెడదామంటే పేజీ లేదు. మీ అక్కకన్నా చెప్పు, ఇదిగో." ఫోను అతని చేతిలో పెట్టింది.

మోగింది. కట్టయింది. మళ్ళీ మోగింది. కట్టయింది. మూడోసారి ఎత్తింది.

"అక్కా..." అన్నాడు పోలయ్య. తర్వాత మాట కోసం వెతుక్కుంటున్నాడు.

"ఎవడ్రా అది? ఫోను చేత్తే నా వరస పోద్దిరా సచ్చినోడా! నూట తొంభైకొచ్చాను. నది పేజీని అడగాలి. పెట్టెయ్!"

పెట్టేసింది.

పోలయ్య ఫోను తిరిగిచ్చాడు. మేడెక్కాడు. ఖాకీ కోటు విప్పి కుర్చీ వీపుకి తొడిగాడు. దాని మెడలో పలక వేశాడు. టోపీ కుర్చీ మీద బోర్లించాడు. గోడ దగ్గరికి వెళ్ళి 'ఎదురెదురు పాలన' బ్యానరు ముడులు విప్పాడు. మంచి గుడ్డ. మంచి ఎరుపు. చుట్టి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. చక్రపాణి గారు అగ్గిపెట్టెల అంశంలో మునిగి ఉన్నారు.

లాకుల స్తంభం తాడు బిరుసెక్కిపోయింది. కప్పీ తుప్పు పట్టింది. పోలయ్య అరచేతులు చీరుకుపోయాయి. గుడ్డ సగం దాకా వెళ్ళి ఆగింది. కాలు గోడకి తన్ని పెట్టి ఒక్క గుంజు గుంజాడు. కప్పీ కీచుమని తిరిగింది. గుడ్డ పైకి పోయి ఈదురుగాలికి పూర్తిగా విచ్చుకుంది.

లంక అలాగే ఉంది. ఎవరూ లేరు. అందరూ ఇళ్ళలో ఫోన్ల ముందు వరసలో ఉన్నారు.

పోలయ్య నిలబడ్డాడు. గోడ మీద పదమూడున్నర.

లంక మీద ఒక మనిషి పాక లోంచి బయటికొచ్చింది. గంప తలమీద పెట్టుకోబోతూ ఇటు చూసింది. గంప కింద పడింది. తర్వాత ఆ మనిషి పరిగెత్తడం కనపడింది. ఒక గడప, ఇంకో గడప. కేకలు నీటి మీదుగా వినపడ్డాయి. కాసేపటికి గేదెలు నీళ్ళలోకి దిగాయి. పక్కనే లంకవాళ్ళ సొంత పడవ, అందులో మనుషులు, ఒక దూడ. నీటి మీద కొమ్ములు తప్ప ఏమీ కనపడటం లేదు. పోలయ్య లెక్కపెట్టాడు. తొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టాడు. పడవ పక్కకి జరిగింది. దాని చాటున ఇంకో రెండు. పదకొండు.

రేవు మెట్ల మీద దిగగానే వీరాయమ్మ తమ్ముణ్ణి తిట్టిపోసింది. "వరస నూట డెబ్బైకొచ్చిందిరా! ఇంకాసేపుంటే ఆ నది పేజీని అడిగేసేదాన్ని! ఎవడో సన్నాసి మొహం కూడా సూపించడు, పనికిమాలినోడు." ఊపిరి తీసుకుంది. తలెత్తి గుడ్డ చూసింది. "దాని మీద రాతలేంట్రా?"

"ఎదురెదురు పాలనంట."

"ఎర్రగా ఉంది. సాల్లే."

రేవు వీధిలోకి నీళ్ళొచ్చేశాయి. ఎత్తుగా ఉన్నది ఆ మేడొక్కటే. ఎవరూ తోలక్కర్లేకపోయింది. సింగారికి దారి తెలుసు. తలూపుకుంటూ గేటు దాటి మెట్లెక్కింది. మిగతా పది దాని వెనకాలే ఎక్కాయి.

హాల్లో ఎనిమిదో అంశం నడుస్తోంది. సింగారి నేరుగా కుర్చీ దగ్గరికి పోయి, టోపీ వాసన చూసి, కెమెరాలో మూతి పెట్టింది. రెండు వందల కార్యాలయాల్లో తెర నిండా నల్లటి ముక్కు.

"నది పేజీ రూపకల్పన మారినట్లున్నది" అన్నారు నుదురు గారు. "బాగున్నది. కొంచెము నలుపెక్కువైనది. వెలుతురు పెంచండి."

చక్రపాణి గారు తలతిప్పి చూశారు. "గేదె! గేదె!" అని కేక పెట్టి బల్లెక్కారు.

"గేదె ఎజెండాలో లేదు" అన్నారు నుదురు గారు. అప్పటికి అదే ఆయన ఆఖరి మాట. సింగారి తల విసిరింది. మేడ మొత్తానికీ ఉన్న ఒక్క ఇంటర్నెట్టు తీగ కొమ్ముకి చుట్టుకుని గోడ నుంచి ఊడొచ్చింది. తెరమీది మొహాలన్నీ ఒక్కసారిగా బిగుసుకుని ఆరిపోయాయి.

కమలకుమారి ఒక్క అంగలో మెట్లెక్కొచ్చింది. "బాబాయ్! ఆ తీగ పెట్టొద్దు. పది నిమిషాలు. ఒక్క పది నిమిషాలు!" అంతే వేగంగా దిగిపోయింది.

పోలయ్య కొమ్ముకున్న తీగ విడదీసి కొస పిడికిట్లో పెట్టుకున్నాడు. కోటున్న కుర్చీలో కూర్చున్నాడు.

"తీగ పెట్టవయ్యా! సమావేశము పోయినది!" బల్ల మీంచి అరిచారు చక్రపాణి గారు.

"పేజీకి... తీగ దగ్గర పనేంటండి" అన్నాడు పోలయ్య.

"అదిగాదు బాబూ" అంది వీరాయమ్మ గుమ్మంలోంచి, చీరకొంగు పిండుకుంటూ. "అంత పెద్దోరివి బల్ల మీద నిలబడ్డావేంటి? అదేం సెయ్యదు. దిగి కూసింత పక్కకి జరుగు, దూడ నిలబడాలి."

చక్రపాణి గారు దిగి జరిగారు. నాలుగు నెలల్లో ఆయన ఎదురుగా ఒక మనిషి నిలబడి మాట్లాడడం అదే మొదలు.

ఆ పది నిమిషాల్లో రెండు వందల కార్యాలయాల్లో ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. తోచక తహసీల్దారు కిటికీ తెరిచారు. నీళ్ళు కనపడ్డాయి. పడవల వాళ్ళు లేచి పడవల దగ్గరికి పోయారు. పశువుల డాక్టరు చెప్పులేసుకున్నాడు. చెప్పేవాళ్ళు లేకపోయేసరికి ఎవరి పని వాళ్ళకి గుర్తొచ్చింది. సాయంత్రానికి అందర్నీ ఏరు దాటించేశారు, ఏ లంకలోనూ మనిషి గాని దూడ గాని మిగల్లేదు.

పదో నిమిషంలో కింద నుంచి కమలకుమారి, "పెట్టేయ్ బాబాయ్" అంది. పోలయ్య తీగ పెట్టాడు. గుమ్మంలో కావలి నిలబడింది. మీటింగుకొచ్చిన వాళ్ళు మీటింగుకి పోయారు, పేజీలకొచ్చిన వాళ్ళు పేజీలకి పోయారు. నది పేజీ తెరుచుకుంది. పోలయ్య కిటికీలోంచి చూసి చెప్పాడు, "పదిహేను." కమలకుమారి పెట్టింది.

సమావేశంలో దాన్నెవరూ గమనించలేదు. మధ్యలో పోయిన పది నిమిషాల మీద చర్చిస్తున్నారు.

మర్నాడు పొద్దున ఐదున్నరకే చక్రపాణి గారి బల్ల మీంచి వచ్చిన కాగితం పోలయ్య కుర్చీలో ఉంది. అతను కూడబలుక్కుని చదివాడు. ముందురోజు గంటా నలభై నిమిషాలు నది పేజీ ఎందుకు గైర్హాజరైంది, దాని స్థానంలో అనధికారిక పశువు ఎందుకు హాజరైంది, పరిపాలనా బ్యానరు ఎవరి ఉత్తరువుతో ఎగిరింది. వెంటనే రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

పోలయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్క తెచ్చిన ఎండుగడ్డి మోపు విప్పి, మెట్లు కనపడకుండా పైనుంచి కింద దాకా మందంగా పరిచాడు. సింగారి కాలు పెట్టి చూసుకుంది. మెట్టు కనపడలేదు, గడ్డి కనపడింది. తింటూ తింటూ కిందికి దిగిపోయింది. మిగతావీ దిగాయి. తర్వాత రేవుకి వెళ్ళి స్కేలు చూసొచ్చి, కమలకుమారికి ఫోనులో అంకె చెప్పాడు. మేడెక్కి పలక తుడిచి, సుద్ద తీసుకుని, మూడో తరగతిలో నేర్పిన అక్షరాలతో సంజాయిషీ రాశాడు.

'పొద్దున ఆరు గంటలు. పద్నాలుగు అడుగులు. తగ్గుతోంది.'

పలకని చక్రపాణి గారి బల్ల మీద పెట్టాడు. గడియారం చూశాడు. ఏడు కావస్తోంది, పలక మీది అంకె అప్పుడే పాతబడింది. పోలయ్య రేవుకి నడిచాడు.